ఏడుగురు థోకోజానీలు

సెప్టెంబరులో ఒక సోమవారం ఉదయం పది గంటలకు రావులదిబ్బ శ్రీ కోదండపాణి ఇంజనీరింగ్ కాలేజీలో విదేశీ విద్యార్థి ఒక్కడు ఉన్నాడు. సాయంత్రానికి ఏడుగురు ఉన్నారు. మధ్యలో ఎవరూ చేరలేదు.

ఆ ఒక్కడి పేరు థోకోజానీ ఫిరి. దేశం మలావీ, ఊరు జోంబా. ఎలక్ట్రికల్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. వాళ్ళ ఊరి విద్యుత్ సంస్థ అతన్ని ఉపకారవేతనం మీద పంపింది. షరతు ఒకటే: ఏడాది తప్పకూడదు. తప్పితే వేతనం ఆగిపోతుంది, తిరిగి వెళ్ళాక ఉద్యోగమూ ఉండదు. వచ్చిన నెలలోనే తెలుగు మొదలెట్టాడు. హాస్టల్ మెస్సులో పప్పు రెండోసారి వేయించుకోవాలంటే వేరే దారి లేదు. హాస్టల్లో అందరూ జానీ అంటారు.

అతని గురించి రావులదిబ్బకు కొన్ని సంగతులు తెలుసు. కారం తినడని తెలుసు. అతను ఆవకాయ అడిగి వేయించుకుంటాడు. పరుగు పందెంలో అతన్ని ఎవరూ అందుకోలేరని తెలుసు. కళ్ళజోడు తీస్తే అతనికి మెట్లు కనపడవు. సింహాన్ని దగ్గర్నుంచి చూశాడని తెలుసు. అది నిజమే. విశాఖపట్నం జూలో చూశాడు. కాలేజీవాళ్ళే బస్సులో తీసుకెళ్ళారు.

గదిలో అతనితో ఉండే గుత్తుల ధర్మరాజు ఒకసారి అడిగాడు.

"ఒరేయ్ జానీ, మీ ఊళ్ళో మావోళ్ళ గురించి ఏవనుకుంటార్రా?"

"మా ఊళ్ళో ఇండియావాళ్ళు నాలుగు కుటుంబాలు. అందరికీ ఇనప సామాన్ల కొట్లే. మేకులు చేత్తోనే తూచేస్తారు. నిన్ను చూసిన రోజున, ఇతని కొట్టు ఎక్కడుందో అనుకున్నాను."

"మా నాన్నది ఇనప సామాన్ల కొట్టేగదరా."

"చూశావా మరి," అన్నాడు థోకోజానీ.

ఆ సోమవారం కాలేజీకి విద్యా ప్రమాణాల తనిఖీ మండలి బృందం వచ్చింది. మండలి గ్రేడు ఇస్తుంది. గ్రేడును బట్టి సీట్లు వస్తాయి. ఈ ఏడాది నుంచి 'అంతర్జాతీయ వాతావరణం' అన్న అంశానికి మార్కులు పెట్టారు. కరస్పాండెంట్ నల్లమిల్లి వీర్రెడ్డి ఈ సంగతి ముందు రోజు విన్నారు. ఆయనకు రెండు రైసు మిల్లులు, ఒక కాలేజీ ఉన్నాయి. ప్రిన్సిపాల్ డాక్టర్ అయ్యగారి సోమయాజులును మిల్లుకు పిలిపించారు.

"మనకి ఫారినోడు ఒక్కడేనాండీ?"

"ప్రస్తుతానికి ఒక్కడేనండి."

"ఒక్కణ్ణి ఒక్కచోట కూచోబెడితే ఒక్కచోటే కనపడతాడు గదండీ."

"విధానపరంగా పరిశీలిస్తే, ఉనికి కన్నా దృశ్యమానత ప్రధానం," అన్నారు సోమయాజులు గారు.

ఆ సాయంత్రమే సర్క్యులర్ వచ్చింది. విదేశీ విద్యార్థి ప్రతి విభాగంలోనూ బృందం కన్నా ముందుగా దృశ్యమానం కావలెనని అందులో ఉంది. కాలేజీలో విభాగాలు ఏడు.

మర్నాడు థోకోజానీ సివిల్ విభాగంలో టోపీ పెట్టుకుని సర్వే కర్ర పట్టుకున్నాడు. మెకానికల్ షెడ్డులో ఖాకీ చొక్కా వేసుకున్నాడు. కంప్యూటర్స్‌లో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ఎంబీయేలో టై కట్టుకున్నాడు. విభాగానికీ విభాగానికీ మధ్య ధర్మరాజు అతన్ని స్కూటర్ మీద భవనాల వెనక నుంచి తీసుకెళ్ళాడు. బట్టల సంచీ కూడా ధర్మరాజే పట్టుకున్నాడు. చివరికి ఎలక్ట్రికల్ లాబులో థోకోజానీ తన చొక్కా తాను వేసుకుని, తన మోటారు ముందు నిలబడ్డాడు.

బృందానికి అధ్యక్షుడు ప్రొఫెసర్ చతుర్వేదుల మృత్యుంజయం. ఆయన ప్రతిచోటా ఆగి పేరు అడిగారు. ప్రతిచోటా "నమస్కారమండీ, నా పేరు థోకోజానీ" అన్న జవాబు వచ్చింది. మూడోచోట ఆయన ప్రిన్సిపాల్ వైపు తిరిగారు.

"వీళ్ళందరికీ ఒకటే పేరేమిటండీ?"

"తమరు విన్నది విన్నట్టేనండి."

అధ్యక్షులవారు పక్కనున్న సభ్యుడికి చెప్పారు. "వాళ్ళ దేశంలో ఇది మన సుబ్బారావు లాంటి పేరయ్యుంటుంది. రాసుకోండి."

నివేదిక మూడు వారాలకు వచ్చింది. కాలేజీలో ఏడుగురు విదేశీ విద్యార్థులు ఉన్నారని, విభాగానికి ఒకరు చొప్పున ఉండడం ముందుచూపుకు నిదర్శనమని రాశారు. ఇంకా ఇలా ఉంది: 'ఏడుగురూ ఒకే తీరున నవ్వుదురు. ఒకే రకం చెప్పులు ధరింతురు. కళ్ళజోళ్ళు కూడా ఒకే నమూనావి. ఇది ఆ దేశస్థుల సామూహిక జీవన లక్షణమని బృందము భావించుచున్నది. కంప్యూటర్స్ విద్యార్థి తెలివైనవాడు. మెకానికల్ విద్యార్థి దేహదారుఢ్యం కలవాడు. ఎలక్ట్రికల్ విద్యార్థి అలసటగా కనిపించెను. అతనిపై శ్రద్ధ వహింపవలెను.'

కాలేజీకి గ్రేడు వచ్చింది. గేటుకు బ్యానరు కట్టారు. థోకోజానీని వేదిక మీదికి పిలిచి ఏడు శాలువాలు కప్పారు. రెండోది కప్పాక మొదటిది తీయాలని ఎవరికీ తోచలేదు. అప్పటికి అక్టోబరు. ఎండ తగ్గలేదు.

సభ అయ్యాక అతను ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాడు.

"సార్, నేను ఒక్కణ్ణే కదండీ."

"అది నీ వ్యక్తిగత అభిప్రాయం," అన్నారు సోమయాజులు గారు. "నివేదిక తప్పు అనడమంటే గ్రేడు తప్పు అనడం. గ్రేడు తప్పు అనడమంటే మండలి తప్పు అనడం. అంత దూరం వెళ్ళే అధికారం నాకూ లేదు, నీకూ లేదు."

గ్రేడు నిలవాలంటే ఏడుగురి హాజరూ ప్రతిరోజూ యూనివర్సిటీ కంప్యూటర్‌కు చేరాలి. కాలేజీలో హాజరు వేలిముద్రతో పడుతుంది. ప్రతి విభాగం గుమ్మం దగ్గర ఒక యంత్రం ఉంటుంది. వేలు పడితే 'థాంక్యూ' అంటుంది. పడకపోతే 'ప్లీజ్ ట్రై అగైన్' అంటుంది. ఆఫీసువాళ్ళు థోకోజానీ కుడి బొటనవేలితో ఏడు పేర్లు ఎక్కించబోయారు. ఒక వేలికి ఒక పేరే అంది యంత్రం. సంగతి వీర్రెడ్డి గారి దాకా వెళ్ళింది.

"వేళ్ళు పదున్నాయి గదండీ," అన్నారాయన.

మెకానికల్ విభాగాధిపతి వీర్రెడ్డి గారి బావమరిది. కుడి బొటనవేలు మెకానికల్‌కు ఇచ్చారు. చూపుడువేలు సివిల్‌కు, నడిమివేలు కంప్యూటర్స్‌కు, ఉంగరపు వేలు ఎలక్ట్రానిక్స్‌కు వెళ్ళాయి. ఎలక్ట్రికల్ విభాగాధిపతి ఆ రోజు కూతురి నిశ్చితార్థానికి సెలవు పెట్టారు. అడిగేవాళ్ళు లేకపోవడంతో ఆ విభాగానికి చిటికెన వేలు పడింది. మిగిలిన రెండు విభాగాలకు ఎడమ చెయ్యి తెరిచారు.

రెండో సంవత్సరంలో సోల్డరింగ్ ఇనుము తగిలి థోకోజానీ కుడి చిటికెన వేలు కాలింది. దాని చివర గీతలు లేవు.

వేలు మార్చమని అతను ఆఫీసులో అడిగాడు. నమోదైన వేలు మార్చాలంటే యూనివర్సిటీ అనుమతి కావాలని, అనుమతికి కారణం చూపాలని, కారణం చూపితే గ్రేడు పోతుందని చెప్పారు.

ఆ తర్వాత రెండు నెలలూ అతను ఉదయం ఏడు గుమ్మాలు తిరిగాడు. కాసేపు సివిల్‌లో, కాసేపు కెమికల్‌లో కూర్చున్నాడు. అక్కడి మాస్టర్లకు అలవాటైపోయాడు. ఎంబీయే మాస్టరు అతన్ని లేపి, 'ఆఫ్రికా మార్కెట్ గురించి అక్కడివాడిగా చెప్పు' అని రోజూ అడిగేవారు. తనది ఎలక్ట్రికల్ అని అతను రోజూ చెప్పేవాడు. ఆఫ్రికావాళ్ళు వినయవంతులని ఆయన తరగతికి చెప్పేవారు. ఎలక్ట్రికల్ గుమ్మం చేరేసరికి మొదటి పీరియడ్ సగమయ్యేది. అక్కడ యంత్రం ముందు చిటికెన వేలు తుడిచి పెట్టేవాడు, ఊది పెట్టేవాడు, ధర్మరాజు సలహా మీద కొబ్బరినూనె రాసి పెట్టేవాడు.

"ప్లీజ్ ట్రై అగైన్," అనేది యంత్రం.

"ఏరా, ఇయ్యాళ ఎవడివి?" అని అడిగేవాడు ధర్మరాజు, రాత్రి మెస్సులో.

"మధ్యాహ్నం దాకా కెమికల్. తర్వాత ఎవణ్ణో గుర్తులేదు."

"కెమికల్‌వోడు పప్పు ఎక్కువ తింటాడంటగా. మెస్సులో అనుకుంటన్నారు."

"వాడూ నేనేగా."

"నాకు తెల్సురా బాబూ. మెస్సుకి తెలీదు."

డిసెంబరులో పరీక్షలకు అర్హుల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. ఆరుగురు థోకోజానీలకు హాజరు తొంభై దాటింది. ఎలక్ట్రికల్ థోకోజానీకి వేళ్ళు పంచకముందు పడిన హాజరుతో అరవై ఒకటి వచ్చింది. అతన్ని డిటైన్ చేశారు. అంటే పరీక్ష రాయకూడదు, ఏడాది పోయినట్టే.

అతను ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తాడు. గుమ్మంలో కళ్ళజోడు జారింది.

"సార్, ఏడాది పోతే నా స్కాలర్‌షిప్ పోతుందండి. నేను రోజూ వచ్చానండి. మీకు తెలుసు కదండీ."

సోమయాజులు గారు జాబితా తెప్పించుకుని చూశారు. చాలాసేపు చూశారు.

"ఇదిగో చూడు బాబూ. వీళ్ళూ మీ దేశంవాళ్ళే. మీ ఊరివాళ్ళే. ఆ హాస్టలే, ఆ మెస్సే. ఆరుగురికీ తొంభై దాటింది. నీ ఒక్కడికే ఏమొచ్చింది? వాళ్ళని చూసి నేర్చుకోవాలి."

"వాళ్ళు నేనేనండి."

"ఆ ఐకమత్యం హాజరులోనూ ఉండాలి," అన్నారు సోమయాజులు గారు. ఆయన ముఖంలో హాస్యం లేదు.

అదే వారం జిల్లా పేజీలో వార్త వచ్చింది: రావులదిబ్బలో ఏడుగురు విదేశీయులు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కొణతాల అప్పలనాయుడు అది చదివారు. ఊళ్ళో విదేశీయుడు ఉంటే స్టేషన్‌కు కాగితం రావాలి. ఆయన దగ్గర ఒక్కడి కాగితమే ఉంది. ఆయన జీపులో కాలేజీకి వచ్చారు.

"సదరు ఏడుగురిలో ఆరుగురికి కాగితాల్లేవు. సదరు ఆరుగురూ ఎక్కడున్నారు?"

వీర్రెడ్డి గారు ప్రిన్సిపాల్ వైపు చూశారు. ఏడుగురు లేరంటే గ్రేడు పోతుంది. ఉన్నారంటే కేసు అవుతుంది.

"వారు క్యాంపస్‌లోనే ఉన్నారు," అన్నారు సోమయాజులు గారు. "హాజరు పరిశీలించవచ్చు."

ఇన్‌స్పెక్టర్ పరిశీలించారు. ఆరుగురు రోజూ వస్తున్నారు. ఏడోవాడు రెండు నెలలుగా కనపడడం లేదు.

"అయితే తిరుగుతున్నది ఈ ఎలక్ట్రికల్ వాడన్నమాట," అన్నారు. విచారణ మొదలైంది.

గేటు ముందు టీ కొట్టు కాసులమ్మది. ఆమె వాంగ్మూలం మొదట తీసుకున్నారు.

"ఏడుగురూ నాకు తెల్సునండి. పొద్దున్న వొచ్చేవోడు మంచోడు. 'ఏం కాసులమ్మా, బాగున్నావా' అంటాడు. మజ్జాన్నం ఒకడొత్తాడు, ఆడో కంగారోడు, టీ సగం ఒగ్గేసి పోతాడు. సాయంత్రం వొచ్చేవోడున్నాడు చూడండి, ఆడికి పొగరండి."

"పొగరంటే?"

"మాటాడడండి. అలిసిపోయినోడి మొగం పెట్టుక్కూచుంటాడు. పొగరు కాపోతే ఏటండీ?"

ఆటో నడిపే వీరబాబు రెండో సాక్షి.

"ఒక్కడికే తెలుగొచ్చండి. మిగతావోళ్ళకి రాదండి."

"మిగతావాళ్ళతో మాట్లాడావా?"

"తెలుగు రాదు గదండీ, ఎలా మాట్టాడతాను?"

ఇన్‌స్పెక్టర్ అది రాసుకున్నారు. తర్వాత ప్రిన్సిపాల్ గదిలోకి థోకోజానీని పిలిపించారు.

"పేరు?"

"థోకోజానీ ఫిరి అండి."

"అది ఏడుగురి పేరు. వాళ్ళలో నువ్వెవరివి?"

"ఎలక్ట్రికల్ అండి. ఉన్నది నేనొక్కణ్ణేనండి."

"ఆధారం?"

అతను పాస్‌పోర్టు ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ అన్ని పేజీలూ తిప్పారు. "ఇందులో బ్రాంచి రాయలేదు. మీ దేశంలో బ్రాంచి రాయరా?"

"ఏ దేశంలోనూ రాయరండి."

"తెలివితేటలు కంప్యూటర్స్ వాడివని రాశారే రిపోర్టులో. నువ్వేనా వాడివి?"

యంత్రం తెప్పించారు. వేలు పెట్టమన్నారు. రెండు నెలల అలవాటు కొద్దీ అతను కుడి బొటనవేలు పెట్టాడు. తెర మీద థోకోజానీ, మెకానికల్ అని వచ్చింది. యంత్రం థాంక్యూ అంది.

"ఎలక్ట్రికల్ అని అబద్ధం ఎందుకు చెప్పావ్?"

"అబద్ధం కాదండి. చూడండి." అతను చూపుడువేలు పెట్టాడు. సివిల్ అని వచ్చింది. నడిమివేలు పెట్టాడు, ఉంగరపు వేలు పెట్టాడు, ఎడమ చేతి వేళ్ళు రెండూ పెట్టాడు. థాంక్యూ అంది, థాంక్యూ అంది. కానిస్టేబులు వేలు వేలుకీ ఒక పేరు చొప్పున రాసుకున్నాడు. థోకోజానీ చిటికెన వేలును చొక్కాకు రుద్ది యంత్రం మీద పెట్టాడు.

"ప్లీజ్ ట్రై అగైన్."

మళ్ళీ పెట్టాడు. వీర్రెడ్డి గారు ఫ్యాను ఆపమన్నారు. మళ్ళీ పెట్టాడు. మంచినీళ్ళలో ముంచి పెట్టాడు.

"ప్లీజ్ ట్రై అగైన్."

ఇన్‌స్పెక్టర్ లేచారు. అక్కడే పంచనామా చెప్పి రాయించారు. 'ఏడుగురిలో ఆరుగురు వేళ్ళతో సహా హాజరైనారు. ఆరుగురూ ఒకే మనిషి మీద ఉండుట కాలేజీ అంతర్గత విషయము. మనిషి ఒకడు, పాస్‌పోర్టు ఒకటి గనుక సదరు ఆరుగురి విషయమై పోలీసువారికి అభ్యంతరము లేదు. ఏడోవాడైన ఎలక్ట్రికల్ థోకోజానీ పరారీలో ఉన్నాడు.'

"గ్రేడుకి ఇబ్బంది లేదు గదండీ?" అని అడిగారు వీర్రెడ్డి గారు.

"పరారీలో ఉన్నవాడు కూడా మీ విద్యార్థే," అన్నారు ఇన్‌స్పెక్టర్. "సంఖ్య మారదు."

ఒక మనిషి ఆరు పరీక్షలు ఒకే పూట రాయలేడు గనక అతన్ని ఏదో ఒక విభాగంలో స్థిరపరచాలన్నారు సోమయాజులు గారు. ఎందులో అన్నది చర్చకు వచ్చింది.

"బొటనవేలే గదండీ పెద్దది," అన్నారు వీర్రెడ్డి గారు. "మెకానికల్‌లో ఏసెయ్యండి."

రెండు రోజులకు కాలేజీ గేటు మీద పోలీసు ప్రకటన అంటించారు. పేరు థోకోజానీ. ఎత్తు వాళ్ళ ఎత్తు. రంగు వాళ్ళ రంగు. గుర్తులు: వేలు పడదు. ఫొటో కింద ఆచూకీ తెలిపినవారికి బహుమానం అని ఉంది. ఫొటో పాస్‌పోర్టులోది.

థోకోజానీ దాని కింద నిలబడి చదువుతుంటే కాసులమ్మ గ్లాసు పట్టుకుని వచ్చింది.

"ఆడేనయ్యా ఆ పొగరుబోతు. నాకు ముందే తెల్సు. నువ్వట్టాంటోడివి కాదులే. ఇదిగో, అల్లం టీ. తాగు."

అతను టీ అంతా తాగాడు.

ఆ రాత్రి ధర్మరాజు ఒక ఉపాయం చెప్పాడు.

"ఒరేయ్, పారిపోయినోడు దొరికేస్తే కేసు కొట్టేస్తారు గదా? దొరికినోడికి మళ్ళీ ఎలక్ట్రికల్ ఇవ్వాలి గదా? పొద్దున్నే ఎల్లి దొరికిపో."

ఉదయం ఇద్దరూ స్కూటర్ మీద స్టేషన్‌కు వెళ్ళారు. థోకోజానీ ఇన్‌స్పెక్టర్ బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎలక్ట్రికల్ థోకోజానీని నేనేనండి. లొంగిపోతున్నానండి."

"నువ్వు మెకానికల్ కదా."

"కాదండి. అరెస్టు చెయ్యండి సార్. తర్వాత నన్ను నా క్లాసుకి పంపించెయ్యండి."

అప్పలనాయుడు గారు కలం కింద పెట్టారు. ఆయన గొంతు తగ్గింది.

"స్నేహితుడి నేరం మీదేసుకోవడం మీ దేశస్థుల్లో ఉంది. ఎక్కడో చదివాను. మంచి గుణమే. చట్టం ఒప్పుకోదు. కూర్చో."

అతను కూర్చున్నాడు.

"నిజం చెప్పు. వాణ్ణి ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

థోకోజానీ చిటికెన వేలు చూసుకున్నాడు. "తనిఖీ రోజున సార్. లాబులో. మోటారు ముందు నిలబడి ఉన్నాడండి."

"ఎలా ఉన్నాడు?"

"అలసిపోయి ఉన్నాడండి."

"రిపోర్టులోనూ అదే ఉంది," అన్నారు ఇన్‌స్పెక్టర్. వాంగ్మూలం కింద సంతకం చేయించుకుని పంపించారు.

కాలేజీ జోంబాలోని విద్యుత్ సంస్థకు ఉత్తరం రాసింది. 'తమరు పంపిన విద్యార్థి థోకోజానీ ఫిరి పరారీలో ఉన్నందుకు చింతిస్తున్నాము. మిగిలిన ఆరుగురూ క్షేమం. ఖాళీ అయిన స్థానానికి తక్షణం మరొకరిని పంపగలరు. ఫొటో జతచేయనక్కరలేదు.'

సంస్థ రెండు వాక్యాల జవాబు ఇచ్చింది. ఎలక్ట్రికల్ విద్యార్థి చదువు మానేసినందున అతని ఉపకారవేతనం నిలిపివేశామని మొదటి వాక్యం. మిగిలిన ఆరుగురూ ఎవరో తమకు తెలియదని రెండోది.

జవాబు వచ్చిన సోమవారం పరీక్షలు మొదలయ్యాయి. మెకానికల్‌వాళ్ళకు మొదటి పేపరు థర్మోడైనమిక్స్. హాలు గుమ్మం దగ్గర థోకోజానీ కుడి బొటనవేలు పెట్టాడు. యంత్రం థాంక్యూ అంది.